యంత్రపు నూనెయు, వడపోత గిన్నెయు, మన వృత్తుల కర్తవ్యమును
(ముదినేపల్లి వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



మన విశ్వబ్రాహ్మణ సంఘ వార్షిక మహాసభ ముదినేపల్లియందు సమావేశమైన ఈ సమయమున, వేదికపై నిలిచి నాలుగు మాటలు విన్నవించుకొనుటకు మాకు అవకాశ మొసగిన పెద్దలకు మా కృతజ్ఞతాపూర్వక వందనములు. ఇట్టి సభలలో విద్యను గుఱించియు, వివాహవ్యయములను గుఱించియు, విద్యార్థి వసతిగృహములను గుఱించియు ప్రసంగించుట వాడుక. మేము కోరుకొన్న విషయము వానితో పోల్చిన మిక్కిలి స్వల్పముగా దోచవచ్చును. యంత్రములలోని హైడ్రాలికు నూనెను వడపోయు ఫిల్టరును గుఱించి, దాని గిన్నెను గుఱించి నేడు ముచ్చటింపదలచితిమి. గిన్నెను నిలుపుకొని లోపలి వడపోత చుట్టను మాత్రమే మార్చుట మేలా, గిన్నెతోకూడ సర్వమును పాఱవేయుట మేలా అనునది ప్రశ్న. ఈ ప్రశ్నలో మన కుర్రవాండ్ర జీవనోపాధియు, మన గ్రామముల త్రాగునీరును ఇమిడియున్నవని మా నమ్మకము. కావుననే మీ ఓపికను కొంతసేపు యాచించుచున్నాము.

మొదట మన ప్రదేశమును దలచుకొందము. బెజవాడయొద్ద కృష్ణపై ఆనకట్ట 1852లో ఆరంభింపబడి 1855లో ముగిసెను. దాని స్థానమున ప్రకాశం బ్యారేజి 1957లో వెలసెను. ఆ నీటితోనే గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు, బందరు, దివిసీమల పొలములు పండుచు వచ్చినవి. ఆ పంటలవెంట మన వృత్తులును బ్రదికినవి. కఱ్ఱు సాగగొట్టినవాడు కమ్మరి. కాడి, మేడి చెక్కినవాడు వడ్రంగి. కళ్లమునందు ధాన్యము కొలుచునపుడు మేర ఇచ్చుట రైతునకు ధర్మము, పుచ్చుకొనుట మనకు హక్కు. మన తాతల కాలమున ఈ ఏర్పాటు ఊరూర నడచినది.

అనంతరము ట్రాక్టరు వచ్చెను, నాగలి మూలబడెను, మేరయు నిలిచిపోయెను. 1970 తరువాతి దశాబ్దములలో కొల్లేటి చుట్టుపట్ల చేపల చెఱువుల త్రవ్వకము వ్యాపించెను. ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు ప్రాంతములందు వరిచేలనేకములు చెఱువులైనవి. గట్లు పోయుటకును, పూడిక తీయుటకును పొక్లెయినులు వచ్చినవి. కోతకు గొలుసుచక్రముల యంత్రములు వచ్చినవి. మట్టి మోయుటకు జాకీతో లేచు ట్రక్కులు వచ్చినవి. 2022 ఏప్రిల్ 4వ తేదీని ముదినేపల్లి మండలము కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాకు మార్చబడెను గాని, యంత్రముల రాకపోకలకు జిల్లా సరిహద్దు అడ్డు కాలేదు. మన పిల్లలలో పెక్కుమంది కొలిమిని విడిచి ఈ యంత్రముల మరమ్మతులోనికి ప్రవేశించినారు. వారి చేతిలోని సుత్తి పానాగా మాఱినది. వృత్తి మాత్రము మాఱలేదు.

ఈ యంత్రము లన్నిటికిని ప్రాణము హైడ్రాలికు నూనె. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట ఒత్తిడి కలిగించిన, అది అన్ని దిక్కులకును సమానముగా ప్రసరించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశీయుడగు బ్లేజ్ పాస్కల్ కనుగొనెను. ఆ సూత్రమును పనిముట్టుగా మలచినవాడు ఇంగ్లండునందలి జోసెఫ్ బ్రామా. అతడు హైడ్రాలికు ప్రెస్సునకు 1795లో హక్కుపత్రము పొందెను. ఈ సభలోనివారు ముఖ్యముగా గమనింపవలసిన దేమనగా, బ్రామా మొదట నేర్చినది వడ్రంగము. అతని ప్రెస్సులో నూనె, నీరు కారకుండ పట్టునిచ్చు తోలు వాషరును సమకూర్చినవాడు, కమ్మరిశాలలో చేయి తిరిగిన హెన్రీ మాడ్‌స్లే యని చెప్పుదురు. మఱలను ఒకే కొలతగా కోయు లేతు యంత్రమును తీర్చిదిద్దిన ఖ్యాతియు ఆయనదే. అనగా ఈ విద్య పుట్టుకలోనే వడ్రంగి చేయియు, కమ్మరి చేయియు కలిసినవి. ఇది పరాయి విద్య యని మనవారు వెనుదీయ నవసరము లేదు.

తరువాతి కథ మీకు కొంత ఎఱుకయే. ట్రాక్టరు వెనుక నాగళ్లను నూనె బలముతో ఎత్తు మూడు కడ్డీల ఏర్పాటును ఐర్లండు రైతుబిడ్డ హ్యారీ ఫెర్గూసన్ 1930 దాటిన పిమ్మట లోకమునకు అందించెను. ఫ్రాన్సు దేశపు పొక్లెయిన్ సంస్థ పేరు మన వాడుకలో త్రవ్వు యంత్రమునకే పేరైనది. 1945లో ఇంగ్లండునందు జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ స్థాపించిన కర్మాగారపు పొడి అక్షరములే జేసీబీ. ఆ సంస్థ మన దేశమున బల్లభ్‌గఢ్‌లో 1979నుండి యంత్రములు చేయుచున్నది.

నూనెకు శత్రువు దుమ్ము. ట్రాక్టరు లిఫ్టులోని నూనె ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 150 కిలోల దాపున ఉండును. పెద్ద త్రవ్వు యంత్రములలో అది 300 కిలోలను దాటును. కారు చక్రములోని గాలి ఒత్తిడి 2 కిలోల మాత్రమే యని తలచుకొన్నచో ఈ బలము బోధపడును. ఇంత ఒత్తిడికి నిలుచుటకు పంపులోని లోహపు భాగములు మిక్కిలి సన్నని ఎడముతో అమర్చబడియుండును. ఆ ఎడమునకు కొలత మైక్రాను, అనగా మిల్లీమీటరులో 1000వ వంతు. మనుష్యుని తలవెండ్రుక మందము ఇంచుమించు 70 మైక్రానులు. 40 మైక్రానులకు తగ్గిన రేణువు కంటికి ఆనదు. పంపును అరగదీయునవి 10, 20 మైక్రానుల రేణువులు. కనుక కంటికి శుభ్రముగా గానవచ్చు నూనెయే యంత్రమును తినివేయుచుండవచ్చును. ఈ రేణువులను పట్టుటకే ఫిల్టరు.

ఫిల్టరు లోపల కాగితముగాని, గాజునారగాని మడతలు మడతలుగా చుట్టబడియుండును. దీనిని మెకానికులు ఎలిమెంటు అందురు. మేము చుట్ట యనుచున్నాము. చుట్ట నిండిపోయినపుడు నూనె దారి మూసికొనిపోకుండ ఒక చిన్న తలుపు తెఱచుకొనును. దానికి బైపాసు వాల్వు అని పేరు. అది తెఱచుకొన్న క్షణమునుండి వడపోయని నూనె పంపులోనికి పోవుచునే యుండును; తోలువానికి తెలియనే తెలియదు. కావున చుట్టను వేళకు మార్చుట తప్పనిసరి. దానిని మానుకొని వ్యర్థమును తగ్గింతుమనుట పిసినారితనమే గాని పొదుపు కాదు. మేము చెప్పు పొదుపు వేఱు.

చుట్టను అమర్చు తీరులు రెండు. మొదటిది డబ్బా తీరు. పలుచని ఇనుప రేకు డబ్బాలో చుట్ట, స్ప్రింగు, వాల్వు, రబ్బరు పట్టీ అన్నియు బిగించి, నోటియొద్ద మఱ కోసి అమ్ముదురు. చుట్ట నిండినపుడు డబ్బా మొత్తము విప్పి పాఱవేసి క్రొత్తది బిగింతురు. రెండవది గిన్నె తీరు. అల్యూమినియముతోగాని, పోతయినుముతోగాని చేసిన గట్టి తలయు, గిన్నెయు యంత్రమునకు శాశ్వతముగా అమర్చబడియుండును. వీనినే హౌసింగు అందురు. మూత విప్పి, లోపలి చుట్టను మాత్రము తీసి, క్రొత్త చుట్టను, క్రొత్త ఓరింగును వేసి మరల మూయుదురు. గిన్నె యంత్రముతోపాటు జీవించును.

గిన్నె తీరు నూతన మేమియు కాదు. అమెరికాలో ఎర్నెస్టు స్వీట్‌లాండ్, జార్జి గ్రీన్‌హాల్ అనువారు 1923లో మోటారు ఇంజనుకు నూనె ఫిల్టరును రూపొందించి ప్యూరొలేటర్ అని పేరిడిరి. మఱతో బిగించి పాఱవేయు డబ్బాను 1954లో విక్స్ సంస్థవారు ప్రవేశపెట్టిరి. మార్చుట సులభము గనుక అది లోకమంతట వ్యాపించెను. పిమ్మట చెత్త పేరుకొనుట చూచి, ఐరోపాలోని కార్ల కర్మాగారములు పెక్కు మరల గిన్నె తీరునకే మళ్లినవి. మన పాత ట్రాక్టరులను స్మరింపుడు. గాలి ఫిల్టరు గిన్నెలో నూనె పోసి, తీగజాలిని డీజిలుతో కడిగి మరల పెట్టెడివారము. డీజిలు ఫిల్టరునకు జంటగిన్నెలు. ఒకదానిలో గుడ్డ చుట్ట, రెండవదానిలో కాగితపు చుట్ట. గిన్నె పాఱవేయుట అనునది ఆనాటి మెకానికు ఊహకే అందదు.

నేటి త్రవ్వు యంత్రములలోను అధిక ఒత్తిడి గొట్టముల ఫిల్టరులు గిన్నె తీరువే; పలుచని డబ్బా ఆ బలమునకు నిలువదు. నూనె తొట్టి పైభాగమున మూత విప్పి చుట్టను పైకి తీయు ఏర్పాటును పెక్కింటిలో కలదు. డబ్బాలు కానవచ్చునది ముఖ్యముగా ఒత్తిడి తక్కువయైన తిరుగు గొట్టములమీదను, ట్రాక్టరులమీదను, ఇంజనుమీదను. కనుక మేము యంత్రమంతయు మార్చుమనుట లేదు. ఉన్న గిన్నెను కాపాడుకొనుమనియు, డబ్బా యున్నచోట వీలైనచో గిన్నెను అమర్చుకొనుమనియు మాత్రమే కోరుచున్నాము.

ఇక డబ్బా పోవు దారిని చూతము. సర్వీసు సామాన్యముగా చెఱువు గట్టుమీదనో, కాలువ ఒడ్డుననో జరుగును. విప్పిన డబ్బా ప్రక్కనున్న బోదెలో పడును. దానిలో మిగిలిన నూనె కొద్దికొద్దిగా ఊఱి, మొదటి వానకు మురుగు కాలువలో చేరును. పంట కాలువ యైనచో పరిస్థితి మఱింత కష్టము. మన డెల్టా దిగువ గ్రామములలో భూగర్భజలము చాలచోట్ల ఉప్పన. కాలువలు వదలినపుడు నీటిని చెఱువులకు నింపుకొని, వేసవి గడచువఱకు అదియే త్రాగవలయును. ఆ కాలువలో పడిన నూనె ఎవరి ఇంటి బిందెలోనికి వచ్చునో చెప్పనక్కఱలేదు. ఒక ఇంజను సర్వీసులో దిగిన పాత నూనె 10 లక్షల గాలనుల, అనగా సుమారు 38 లక్షల లీటర్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరించుచున్నది.

చేపల చెఱువు సంగతియు అట్టిదే. నీటిమీద పఱచుకొన్న నూనెపొర గాలిని నీటిలో కలియనీయదు. తెల్లవాఱుజామున చేప పైకి తేలి నోరు తెఱచుట ఎఱుగని రైతు ఈ ప్రాంతమున లేడు. ఆ వేళ ప్రాణవాయువు కొఱత యెంత ప్రమాదమో అతనికే తెలియును. నూనె మొప్పలకు అంటును. మాంసమునకు వాసన పట్టును. ఒకని యంత్రపు డబ్బా మఱియొకని పంటను దెబ్బతీయవచ్చును. మురుగు కాలువలలో పెక్కులు కొల్లేటికి పోవును. కొల్లేరు 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా రామ్‌సార్ పట్టికలో చేర్చబడినది. 2006లో ఐదవ కాంటూరు లోపలి చెఱువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినపుడు కలిగిన కలవరము మన కుటుంబములలో ఇంకను మఱపునకు రాలేదు. సరస్సును మనమే కాపాడుకొననిచో చట్టము వచ్చి కాపాడును. అపుడు బాధ యందఱిదియు నగును.

చట్టమన్నపుడు ఒక మాట. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమములలో వాడిన నూనెయు, నూనె అంటిన ఫిల్టరులును పట్టికలో చేరియున్నవి. 2023లో ఆ నియమములు సవరింపబడి, 2024 ఏప్రిల్ 1వ తేదీనుండి నూనె తయారుచేయువారిపైనను, దిగుమతి చేయువారిపైనను వాడిన నూనెను తిరిగి సేకరించి శుద్ధిచేయించు బాధ్యత మోపబడినది. అనగా పాత నూనె నేడు చెత్త కాదు, సరకు. ఒక గాలను పాత నూనెను శుద్ధిచేసిన, అందులో ఆఱు పదులకుపైగా పాళ్లు మరల కందెన నూనెగా లభించును. ముడి చమురునుండి అంత కందెన నూనె తీయుటకు 42 గాలనులు కావలయునని లెక్క చెప్పుదురు. దీనిని బోదెలో పోయుట ధనమును పోయుటయే.

మన స్వర్ణకార సోదరులను చూడుడు. బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేయువాడైనను, మేలిమి బంగారము పని చేయువాడైనను, పని ముగిసిన పిమ్మట ఆకురాయి రజనును ఊడ్చి వీధిలో పోయడు. కొలిమి బూడిదనుసైతము దాచి, కడిగించి, అందులోని బంగారమును రాబట్టును. లోహమునందలి ఈ భక్తి మన ఐదు వృత్తులకును సామాన్య ధర్మము. ఇనుము చౌక యని కమ్మరియు, నూనె మురికి యని మెకానికును ఆ ధర్మమును మఱచుట న్యాయము కాదు.

ఒక చిన్న లెక్క చేసి చూతము. ఇవి మేము ఉదాహరణకై తీసికొన్న అంకెలు. మీ మీ దుకాణములలో తూచి సరిచూచుకొనుడు. ఒక యంత్రము ఏటికి 2000 గంటలు నడచుననియు, 500 గంటల కొక పర్యాయము ఫిల్టరు మార్తుమనియు అనుకొన్నచో, ఏటికి 4 డబ్బాలు. ఒక డబ్బా 1 కిలో తూగి, అందు అరిగినది 200 గ్రాముల చుట్ట మాత్రమే యైనచో, తక్కిన 800 గ్రాముల ఇనుము ఏ తప్పును చేయకయే చెత్తపాలగుచున్నది. ఒక ప్రాంతమున 50 యంత్రములున్నచో ఏటికి 200 డబ్బాలు, 160 కిలోల మంచి ఇనుము. డబ్బాకు అర లీటరు చొప్పున మిగిలిన నూనె 100 లీటర్లు. ఇనుము లెక్క చిన్నదే యని మీరనవచ్చును, మేమును అంగీకరింతుము. పెద్దది నూనె లెక్క. గిన్నెను విప్పునపుడు అందలి నూనె కంటికి కనబడును, పళ్లెములోనికి దిగును, పీపాలోనికి పోవును. మూసిన డబ్బాలోని నూనె ఎవరికిని కనబడదు గనుకనే బోదెలోనికి పోవుచున్నది.

గిన్నెవలన మఱియొక లాభము కలదు. అది నేరుగా మన పనితనమునకు సంబంధించినది. గిన్నె అడుగున పేరుకొన్న రజనును తెల్లని గుడ్డమీద పోసి చూచినచో యంత్రపు ఆరోగ్యము తెలియును. అయస్కాంతమునకు అంటు రజనైన గేర్లో, బేరింగులో అరుగుచున్నవి. పసుపుపచ్చగా మెఱయుచు అంటని రజనైన పంపులోని కంచుభాగము పోవుచున్నది. నల్లని తునకలైన సీలు చినుగుచున్నది. నాడి చూచి రోగము చెప్పు వైద్యునివలె మెకానికు ముందుగా హెచ్చరింపగలడు. పంపు పూర్తిగా పోయిన పిమ్మట కలుగు నష్టమునకును, ముందుగా సీలు మార్చిన వ్యయమునకును గల వ్యత్యాసము యజమానులకు మేము చెప్పనక్కఱలేదు. డబ్బా బిగించుట ఎవడైనను చేయగల పని. దానికి కూలి యిచ్చువారే గాని గౌరవ మిచ్చువారు లేరు. రజనును చదువుట విద్య. విద్య యున్నచోటనే మన్నన యుండును.

ఈ మార్గమున చిక్కులు లేవని మేము చెప్పుట లేదు. గిన్నెకు మొదట వ్యయ మెక్కువ. మూత విప్పునపుడు గట్టుమీది దుమ్ము లోపల పడినచో, ఫిల్టరు మార్చినదానివలన మేలునకు మాఱుగా కీడు జరుగును. పాత ఓరింగునే మరల వేసినచో నూనె కారును. ఎక్కువ బిగించిన అల్యూమినియము మఱ తెగును. కావున గిన్నె తీరు శ్రద్ధగలవానికే తగినది. శ్రద్ధ మనకు క్రొత్తది కాదు గదా!

ఇక మూడు హెచ్చరికలు వినుడు. మొదటిది, కాగితపు చుట్టనుగాని, గాజునార చుట్టనుగాని కిరసనాయిలుతో కడిగి మరల వాడరాదు. గాలి కొట్టి దులిపినను దానిలో కంటికి కానరాని చినుగులు పడును; బయటి మురికి లోపలి వైపునకు చేరును. కడుగదగినది తీగజాలి మాత్రమే. గిన్నెను నిలుపుట పొదుపు, చుట్టను నిలుపుట నష్టము. రెండవది, అధిక ఒత్తిడి గొట్టముమీది గిన్నెను మన లేతులమీద కొత్తగా చేయుటగాని, పగిలినదానికి వెల్డింగు చేయుటగాని పూనుకొనరాదు. 300 కిలోల ఒత్తిడి కొట్టుచు వదలుచు లక్షలసార్లు పడినచోట మన అతుకు నిలువదు. సూదిమొనయంత రంధ్రమునుండి చిమ్ము నూనె చర్మమును చీల్చి లోనికి పోవును. వ్రేళ్లు తీసివేయవలసిన ప్రమాదములు అట్లు కలుగును. పనిమీది అభిమానము ప్రాణముమీదికి రాగూడదు. మూడవది, యంత్రము కర్మాగారపు హామీ గడువులో నున్నంతకాలము వారి సమ్మతి లేక ఫిల్టరు అమరికను మార్పరాదు.

అట్లయిన మనము చేయగల దేమి? చాల కలదు. ప్రతి మరమ్మతు దుకాణమునందును ఒక జాలి బల్లయు, క్రింద పళ్లెమును, ప్రక్కన మూతగల పీపాయు నుండవలయును. డబ్బా మార్పక తప్పనిచోట, నూనె వెచ్చగా నున్నపుడే విప్పి, అడుగున పొడిచి, బోర్లించి ఒక రాత్రి జాలిపై వదలవలయును. అమెరికాలో 1992 నాటి నియమములు వేడిగా నూనె వార్చిన డబ్బాను పాత ఇనుముగా స్వీకరింప సమ్మతించినవి. 12 గంటలు వార్చుట మేలని అక్కడి సంస్థ సలహా. వార్చిన నూనెను అనుమతిగల శుద్ధికారులకే అమ్మవలయును. ఇటుకబట్టీలకును, గట్టుమీది గడ్డి మాడ్చువారికిని ఇయ్యరాదు.

తిరుగు గొట్టముల గిన్నెల మరమ్మతు మనకు చక్కగా అందు పని. అరిగిన మఱకు క్రొత్త మఱ కోయుట, మూత బోల్టులు చేయుట, ఓరింగు కూర్చుండు గాడిని నున్నగా తీర్చుట, డబ్బాకు మాఱుగా కర్మాగారపు గిన్నెను అమర్చుటకు నడిమి పట్టీ చేయుట — వీనికి లేతు కావలయును, కొలత సరిగ నుండవలయును, ఒత్తిడి పెట్టి పరీక్షించు గేజి కావలయును. గుడివాడ, బందరు దుకాణములలో లేతు పనివారు కలరు. గుడ్లవల్లేరునందును, మచిలీపట్టణమునందును సాంకేతిక విద్యాలయములు కలవు. చేతిపనిగల మన పెద్దలును, చదువుగల మన పిల్లలును ఒక బల్లయొద్ద కూర్చుండినచో ఈ విద్య రెండు మూడేండ్లలో ఈ సీమయం దంతట నెలకొనును. బందరు గిలకలదిండిలోని మరపడవల ఇంజనులకును, దివిసీమలోని కోత యంత్రములకును ఇదే పద్ధతి చెల్లును.

పోషకులగు పెద్దలకు మా మనవి యొకటి. విద్యార్థులకు వేతనము లిచ్చినట్లే, పని నేర్చు కుర్రవానికి ఒక కొలత పానాయు, ఒక ఒత్తిడి గేజియు, ఒక శుభ్రమైన బల్లయు కొనియిచ్చు నిధిని సంఘమునం దేర్పఱుపుడు. యంత్రముల యజమానులగు సోదరులకు మనవి యొకటి. సర్వీసు కూలి బేరమాడునపుడు, నూనెను నేలపాలు చేయక పట్టి యిచ్చినవానికి పది రూపాయలు ఎక్కువ యిండు. చెఱువుల రైతులకు మనవి యొకటి. గట్టుమీద యంత్రమును దించునపుడే, పాత నూనెయు, పాత ఫిల్టరును తిరిగి తీసికొనిపోవు షరతును యజమానితో మాటలాడుకొనుడు. మాటతో తీరు పనికి తరువాత తగవు పడుట ఎందులకు?

మెకానికులగు తమ్ములారా! మీతో కడపటి మాట. మీ తాత సాగగొట్టిన కఱ్ఱు అరిగినపుడు రైతు దానిని పాఱవేయలేదు. మరల మీ యింటికే తెచ్చినాడు. ఆ రాకపోకలవలననే మీ కొలిమి మండినది, మీ యింట గాదె నిండినది. ఏ వస్తువు విప్పుటకు వీలుగా నుండునో, బాగుచేయుటకు వీలుగా నుండునో, అదియే మన కులవృత్తులకు అన్నము పెట్టును. ఏ వస్తువు ఒకమారు వాడి పాఱవేయబడునో, అది మన చేతికి రాకుండగనే కాలువలో పడును. మన కూడును, మన నీటిని రెంటినిని చెఱచును. కనుక గిన్నెను నిలుపుకొనుట మీ పనిని మీరు నిలుపుకొనుటయే.

వచ్చు వార్షికసభనాటికి మన దుకాణములలో కొన్నియైనను పీపాను, జాలి బల్లను ఏర్పఱచుకొని, ఏడాదిలో ఎన్ని లీటర్ల నూనె పట్టితిమో, ఎన్ని డబ్బాలు మానితిమో లెక్క వ్రాసి తెచ్చి ఈ వేదికపై చదువవలయునని మా ప్రార్థన. అంకెలు చిన్నవైనను సిగ్గుపడ నవసరము లేదు. నిజమైన చిన్న అంకె సభకు అలంకారమే.